వి.వి. గిరి: కార్మిక సంఘం నుంచి రాష్ట్రపతి భవనం దాకా

(1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, మెకానికల్ ఇంజనీరు)

మన బడిలో సాంఘిక శాస్త్రం మాస్టారు రాష్ట్రపతుల పేర్లు వరసగా అప్పజెప్పించేవారు. రాజేంద్రప్రసాద్, రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్, వి.వి. గిరి. నాలుగో పేరు దగ్గర ఆయన తెలుగువారని ఒక్క మాట చెప్పి, ఐదో పేరుకు వెళ్ళిపోయేవాళ్ళం. పరీక్షకు అంతవరకు చాలు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కర్మాగారాల్లో పనిచేశాను. జీతాల ఒప్పందాల చర్చల్లో యాజమాన్యం వైపు కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాను. ఆ చర్చలకు తయారయ్యే క్రమంలో కార్మిక చట్టాలు చదువుతుంటే ప్రతి మలుపు దగ్గరా ఈ పేరే ఎదురయ్యేది. రాష్ట్రపతిగా ఆయన గడిపింది ఐదేళ్ళు. కార్మికుల మధ్య గడిపింది అంతకు ఎన్నో రెట్లు. ఆ రెండో భాగం మన పాఠ్యపుస్తకంలో లేదు కనుక, ఈ స్వర్ణోత్సవ సంచికలో రాయాలనిపించింది.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది గాని, అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ గారు కూడా జాతీయోద్యమంలో పాల్గొన్నారు. ఇంట్లో అన్నానికి, చదువుకు లోటు లేదు. కూలి డబ్బుల కోసం సాయంత్రం దాకా ఎదురుచూడాల్సిన కుటుంబం కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన కార్మికుడిగా పుట్టి కార్మిక నాయకుడు కాలేదు. ఏరి కోరి ఆ దారి పట్టారు.

1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండ్ వెళ్ళారు. ఆనాటి మన కుర్రవాళ్ళు ఎక్కువగా లండన్ వెళ్ళేవారు. ఈయన డబ్లిన్ చేరడం ఆయన జీవితాన్నే మార్చేసింది. ఆ ఏడాదే డబ్లిన్‌లో చరిత్రలో నిలిచిపోయిన లాకౌట్ జరిగింది. జేమ్స్ లార్కిన్ నడిపే రవాణా కార్మికుల సంఘంలో ఉండబోమని సంతకం పెడితేనే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. ట్రాముల దగ్గర మొదలైన తగాదా ఊరంతా పాకింది. సుమారు 20,000 మంది పని పోగొట్టుకుని నెలల తరబడి పస్తులున్నారు. 1914 మొదట్లో ఓడిపోయి ఒక్కొక్కరే పనిలోకి తిరిగి వెళ్ళారు. అయినా సంఘం మాత్రం చావలేదు. ఆ పోరాటంలో లార్కిన్ పక్కన నిలబడిన జేమ్స్ కానలీ ప్రభావం గిరి గారి మీద బలంగా పడింది.

1916 ఈస్టర్ పండుగనాడు ఐర్లాండ్‌లో తిరుగుబాటు వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం కానలీని ఆ మే నెలలో కాల్చి చంపింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరి గారిని దేశం విడిచి పొమ్మంది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ళు నిండలేదు. బారిస్టరు పట్టా చేతికి వచ్చింది. దాంతోపాటు మరో చదువు కూడా వంటబట్టింది: పనివాడు ఒంటరిగా ఉన్నంతకాలం జీతం అనేది యజమాని చెప్పిన అంకె, నలుగురూ కలిసినప్పుడే అది మాట్లాడుకునే అంకె అవుతుంది.

రైలు కట్ట వెంబడి

ఇండియాకు వచ్చి మద్రాసు హైకోర్టులో నమోదై బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. అనిబిసెంట్ హోంరూల్ ఉద్యమంలో చేరారు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగానే బాగా సాగుతున్న వకీలు వృత్తి వదిలేశారు. సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి 1922లో అరెస్టయ్యారు. ఆ తర్వాతే రైల్వే కార్మికుల్లోకి వెళ్ళారు.

రైల్వేలే ఎందుకన్నది మన ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే మన లైను 1893లో వేసింది. మొదట అదంతా ఈస్ట్ కోస్ట్ రైల్వే. తర్వాత దాన్ని రెండు ముక్కలు చేశారు. బెజవాడ నుంచి వాల్తేరు దాకా మద్రాసు రైల్వేకు ఇచ్చారు. అదే తర్వాత ఎం.ఎస్.ఎం. అయింది. వాల్తేరు దాటి ఉత్తరానికి పోయే ముక్క బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. బరంపురం ఆ ముక్కలో ఉంది. కనుక గిరి గారి ఊరి స్టేషనులోని ఖలాసీ, గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్ అందరూ బి.ఎన్.ఆర్. కంపెనీ మనుషులు. వాళ్ళ సంఘానికి ఆయన అండగా నిలబడ్డారు. 1920ల మొదట్లో దేశంలోని రైల్వే సంఘాలన్నిటినీ కలిపి అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ ఏర్పడినప్పుడు స్థాపకుల్లో ఒకరయ్యారు. పదేళ్ళకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు.

ప్రధాన కార్యదర్శి అంటే ఉపన్యాసాలు ఇచ్చే పదవి కాదు. ఒక గార్డుకు ఇంక్రిమెంటు ఎందుకు ఆగింది, ఒక ఫిట్టరుకు ఓవర్‌టైమ్ ఎందుకు రాలేదు అనే చిన్న చిన్న కాగితాలు వందల కొద్దీ రాయడం. రైల్వే బోర్డు ముందు అంకెలతో కూర్చోవడం. కంపెనీ బారిస్టరుకు దీటుగా మాట్లాడగల బారిస్టరు కార్మికుల వైపు ఉండడం ఆ రోజుల్లో అరుదు. గిరి గారి చదువు అక్కడ అక్కరకు వచ్చింది.

1927-28 ప్రాంతంలో బి.ఎన్.ఆర్. వర్క్‌షాపుల్లో మనుషులను తగ్గించే పని మొదలైంది. రిట్రెంచ్‌మెంట్ అనే మాట మన ఇళ్ళలోకి వచ్చింది ఆ కాలంలోనే. ఇరవై ఏళ్ళు సుత్తి పట్టినవాడికి రేపటి నుంచి రావద్దని చెబితే, చేతిలో ఏమీ పెట్టనక్కరలేని రోజులవి. గిరి గారి నాయకత్వంలో శాంతియుతంగా సమ్మె నడిచింది. ప్రభుత్వం, కంపెనీ దిగివచ్చి కార్మికులతో ఒప్పందానికి రావాల్సి వచ్చింది. ఈ సమ్మెకూ తర్వాత పాతికేళ్ళకు వచ్చిన ఒక చట్టానికీ ఉన్న సంబంధం కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను.

1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కూడా కార్మికుల తరఫున కూర్చున్నారు.

అలాగని కార్మికోద్యమమంతా ఆయన వెనక నడిచిందనుకుంటే పొరపాటు. 1929లో నాగపూర్ మహాసభలో ఏఐటీయూసీ చీలింది. బ్రిటిష్ ప్రభుత్వం కార్మికుల స్థితిగతుల మీద వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలని వామపక్షం వారు పట్టుపట్టారు. కమిషన్ ముందుకు వెళ్ళి మన గోడు రికార్డు చేయించాలని ఎన్.ఎం. జోషి, గిరి గార్లు వాదించారు. వాదన కుదరక బయటికి వచ్చి వేరే సమాఖ్య పెట్టారు. వీళ్ళు మెతకవారన్న ముద్ర అప్పుడే పడింది. ఆ తర్వాత పదేళ్ళకు సంఘాలు మళ్ళీ కలిశాయి. 1942లో గిరి గారు రెండోసారి ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. ఆ సంవత్సరమే క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయి మూడేళ్ళు ఉన్నారు. మెతక అన్న మాట ఆయన పద్ధతికి అతుకుతుందేమో గాని, మనిషికి అతకదు.

మంత్రిగా

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారిని ఆయన సొంతగడ్డ బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్ళీ మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో మన హైకమిషనర్‌గా నాలుగేళ్ళు ఉన్నారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ గారి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఇన్నాళ్ళూ బయట నుంచి అడిగినవాడు ఇప్పుడు ఇచ్చే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ రెండేళ్ళ కాలమే.

అప్పటికి మన దేశంలో పారిశ్రామిక తగాదాలు తీర్చే పద్ధతి యుద్ధకాలంలో స్థిరపడినది. గొడవ రాగానే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ట్రిబ్యునల్ తీర్పు రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. కేసు నడుస్తున్నంతకాలం సమ్మె చేయకూడదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దీన్నే కొనసాగించింది. గిరి గారికి ఈ పద్ధతి నచ్చలేదు. కోర్టుకెక్కిన తగాదాలో ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడతాడు. ఓడినవాడు మళ్ళీ అప్పీలుకు పోతాడు. మర్నాడు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేయాలి కదా, అదెలా కుదురుతుంది? ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, లెక్కలు ముందు పెట్టుకుని, కొంత ఇచ్చి కొంత పుచ్చుకుని కుదుర్చుకున్న జీతమే నిలుస్తుందని ఆయన నమ్మకం. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ మార్పు కోసం గట్టిగా వాదించారు. పారిశ్రామిక సంబంధాల చరిత్రలో దీనికి గిరి పద్ధతి అన్న పేరే స్థిరపడింది.

మహాసభ ఆయన మాట పూర్తిగా వినలేదు. యజమానులకు భయం, ప్రభుత్వంలోని ఇతర శాఖలకు భయం. కార్మిక సంఘాల్లోనే చాలామందికి భయం. ఎందుకంటే బలం లేని సంఘానికి ట్రిబ్యునల్ ఒక్కటే దిక్కు. ఎదురుగా కూర్చుని బేరమాడాలంటే ముందు నిన్ను మనిషిగా గుర్తించి కుర్చీ వేయాలి. సంఘాలను యజమాని తప్పనిసరిగా గుర్తించాలంటూ 1947లో చట్టసవరణ అయితే చేశారు గాని, దాన్ని ఏనాడూ అమలులోకి తేలేదు. గిరి పద్ధతికి అసలు అడ్డు అక్కడ ఉంది.

అయినా ఒక పని జరిగింది. 1953లో బట్టల మిల్లుల్లో సరుకు పేరుకుపోయి కార్మికులను ఇళ్ళకు పంపుతున్న సమయంలో, లే-ఆఫ్, రిట్రెంచ్‌మెంట్‌లకు పరిహారం ఇవ్వాలని చట్టం సవరించారు. లే-ఆఫ్ రోజులకు సగం వేతనం. తీసేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. బి.ఎన్.ఆర్. వర్క్‌షాపు గేటు ముందు చెయ్యి ఖాళీగా నిలబడ్డ ఖలాసీని చూసిన మనిషి మంత్రిగా ఉండగా వచ్చిన చట్టమిది. ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం పోయినప్పుడు ఎన్ని నెలల జీతం ఇస్తారని అడుగుతున్నారంటే, ఆ అడగడానికి మొదటి మెట్టు ఇక్కడ పడింది.

రాజీనామా

1954 సంగతికి వద్దాం. బ్యాంకు గుమాస్తాల జీతాల మీద ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో తీర్పు ఇచ్చింది. అప్పీలు మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954లో దాన్ని ఉద్యోగులకు కొంత మేలుగా మార్చింది. ఇంత భారం చిన్న బ్యాంకులు మోయలేవని, పల్లెల్లో బ్యాంకులు విస్తరించవని ప్రభుత్వం అనుకుంది. 1954 ఆగస్టులో ఆ తీర్పును తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. ట్రిబ్యునళ్ళు వద్దన్న మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకున్నాడు. పైకి ఇది పొంతన లేనట్టు కనిపిస్తుంది. ఆలోచిస్తే ఆయన వాదనంతా ఇక్కడే ఉంది. సమ్మె చేయవద్దు, కోర్టుకు పో అని కార్మికుడికి చెప్పింది ప్రభుత్వమే. వాడు సమ్మె మానుకుని కోర్టుకు పోయాడు. తీర్పు వచ్చింది. ఆ తీర్పు నచ్చలేదని అదే ప్రభుత్వం దాన్ని కత్తిరిస్తే, ఇక కార్మికుడికి మిగిలిన దారి ఏది? ఆటలో నియమం నువ్వే పెట్టి, ఓడిపోతుంటే నియమం మార్చడం కుదరదు. చిన్న బ్యాంకుల కష్టం అబద్ధమని కాదు. ఆ కష్టం చెప్పుకోవాల్సింది తీర్పు రాకముందు, ట్రిబ్యునల్ ముందు.

రాజీనామా వల్ల గుమాస్తాల పని వెంటనే తీరలేదు. ప్రభుత్వం బ్యాంకు అవార్డు మీద విచారణ కమిషన్ వేసింది. దాని సిఫారసుల మీద 1955లో పార్లమెంటు చట్టం చేసింది. అప్పిలేట్ ట్రిబ్యునల్‌నే 1956లో రద్దు చేశారు. ఆ తర్వాతి కాలంలో బ్యాంకు ఉద్యోగుల జీతాలు దేశమంతటికీ ఒకేసారి, సంఘాలూ యాజమాన్యాల సమాఖ్యా కూర్చుని కుదుర్చుకునే ద్వైపాక్షిక ఒప్పందాలుగా మారాయి. మొదటి ఒప్పందం 1966లో. మన బ్యాచ్‌లో బ్యాంకుల్లో రిటైరవుతున్న మిత్రులు బైపార్టైట్ అని పిలిచేది దాన్నే. గిరి గారు కోరిన పద్ధతి ఆయన రాజీనామా చేసిన శాఖలోనే వేళ్ళూనుకుంది.

రాష్ట్రపతి

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఓడిపోయారు. జనరల్ స్థానంలో గిరిజన అభ్యర్థి గెలుపు చెల్లుతుందా అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. చెల్లుతుందని కోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు. 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ గారు చనిపోవడంతో తాత్కాలిక రాష్ట్రపతి. ఆ హోదాలోనే జులై 19న 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. మర్నాడే పదవి వదిలి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. కాంగ్రెసు అధికార అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి గారు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని ఇందిరాగాంధీ చెప్పడం, మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించడం, చివరికి 4,20,077కు 4,05,427 తేడాతో గిరి గారు గెలవడం మన పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎన్నిక చెల్లదని కేసు వేస్తే, పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది ఉద్యోగుల సమ్మె. బోనస్ కావాలని, ఇంజను సిబ్బందికి ఎనిమిది గంటల పని కావాలని అడిగారు. దానికి నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన అప్పుడు అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. అవును, గిరి గారు యాభై ఏళ్ళ కిందట నిలబెట్టిన ఫెడరేషనే. సమ్మెకు ముందే నాయకులను అరెస్టు చేశారు. వేలాదిమంది జైళ్ళకు పోయారు, వేలాదిమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మూడు వారాలు తిరగకముందే సమ్మె విరమించారు. ఆ ప్రభుత్వం నడిచింది రాష్ట్రపతి పేరు మీద. ఆ రాష్ట్రపతి వి.వి. గిరి.

మన రాజ్యాంగంలో రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడవాలి, నిజమే. 1954లో రాజీనామా చేసిన మనిషి 1974లో ఎందుకు చేయలేదని అడిగేవారూ ఉన్నారు, ఆ ప్రశ్నలోనూ న్యాయం ఉంది. మంత్రి రాజీనామా చేస్తే ప్రభుత్వంతో తేడా వచ్చినట్టు. రాష్ట్రపతి రాజీనామా చేస్తే రాజ్యాంగ యంత్రమే ఊగుతుంది. నేను ఈ రెండు తక్కెడలనూ సమం చేయబోవడం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ సమ్మె అణిచివేతతో ముగిసింది గాని, తగాదా ముగియలేదు. 1977లో ప్రభుత్వం మారాక తీసేసినవాళ్ళను తిరిగి పనిలోకి తీసుకున్నారు. 1979లో రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ వచ్చింది. మూడు వారాలు దేశమంతా అవస్థపడి, వేల కుటుంబాలు రోడ్డున పడ్డాక వచ్చిన ఆ పరిష్కారం, మాట్లాడుకుని ఉంటే ముందే రాకూడనిదేమీ కాదు. గిరి పద్ధతి సరైనదని చెప్పడానికి, గిరి గారు రాష్ట్రపతిగా ఉండగా జరిగిన దానికి మించిన రుజువు లేదు.

1974 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

నేను చూసినది

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో యూనియన్ అనగానే కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారు. యూనియన్లే మిల్లులు మూయించాయంటారు. నా అనుభవం రెండు రకాలుగా ఉంది.

నేను పనిచేసిన ఒక కర్మాగారంలో గుర్తింపు పొందిన బలమైన సంఘం ఉండేది. వేతన ఒప్పందం చర్చలు ఏడు నెలలు నడిచాయి. క్యాంటీన్ ఇడ్లీ ధర మీద ఒక రోజంతా పోయింది. మా మేనేజరు విసిగిపోయేవారు. కాని సంతకాలయ్యాక మూడేళ్ళు ఒక్క షిఫ్టు ఆగలేదు. సంఘం నాయకుడే తన మనుషులకు నచ్చజెప్పుకునేవాడు. మరో కర్మాగారంలో సంఘం లేదు. అందరూ కాంట్రాక్టరు మనుషులు. సంఘం లేకపోవడం తమ అదృష్టమని అక్కడి యాజమాన్యం అనుకునేది. ఒక రాత్రి రెండు గంటలకు, రెండు నెలల ఓవర్‌టైమ్ అందలేదని రెండు వందల మంది గేటు ముందు కూర్చుండిపోయారు. బాయిలరు వేడి మీద ఉంది. లోపల సరుకు గడ్డకట్టిపోతోంది. మాట్లాడదామని బయటికి వెళితే, ఎవరితో మాట్లాడాలి? వాళ్ళ తరఫున మాట ఇచ్చేవాడు లేడు, ఇచ్చిన మాట నిలబెట్టేవాడు లేడు. తెల్లారేసరికి పోయిన సరుకు విలువ, వాళ్ళకు రావలసిన బాకీకి ఎన్నో రెట్లు. సంఘం లేని చోట గొడవ ఉండదనుకోవడం, థర్మామీటరు లేని ఇంట్లో జ్వరం ఉండదనుకోవడం లాంటిది.

అలాగని సంఘాలన్నీ గిరి గారి లాంటివారి చేతుల్లో ఉన్నాయని అనను. ఒకే గేటు ముందు నాలుగు జెండాలు, ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరు కాదనడం నేనూ చూశాను. ఆ రోగానికి మందు కార్మికుల చేత ఓటు వేయించి ఎవరితో మాట్లాడాలో తేల్చడం. రైల్వేలో 2007 నుంచి రహస్య ఓటింగుతో గుర్తింపు ఇస్తున్నారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 51 శాతం మద్దతు ఉన్న సంఘాన్ని చర్చలకు గుర్తించాలని రాశారు. అదే కోడ్ సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కూడా తప్పనిసరి చేసింది. సమ్మె హక్కును ఇది బిగిస్తుందని సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి. కుర్చీ వేసినట్టే వేసి చెయ్యి కట్టేస్తున్నారా అన్నది రానున్న ఏళ్ళలో తేలుతుంది.

మన గడ్డ మీద

ఈ పద్ధతి పెద్ద పరిశ్రమలకే అనుకోవద్దు. గిరి గారి పేరు కూడా వినని చోట, మన పక్కనే ఇది నడుస్తోంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకో, ఏ రైసుమిల్లుకో వెళ్ళి ముఠా మేస్త్రిని అడగండి. బస్తా ఎత్తడానికి ఎంత, దించడానికి ఎంత, కాటా వేయడానికి ఎంత అన్నది ముఠావాళ్ళూ మిల్లుల వాళ్ళూ కూర్చుని కుదుర్చుకుంటారు. గడువు తీరితే మళ్ళీ కూర్చుంటారు. రెండు రోజులు పని ఆపడం, అలగడం, పెద్దమనుషులు కలగజేసుకోవడం, రూపాయి దగ్గర తెగడం అన్నీ ఉంటాయి. కోర్టు ఉండదు. ఒప్పుకున్న రేటు మాత్రం గడువు దాకా నిలుస్తుంది.

మన మాస్టార్లకు ఇది నేను చెప్పడం పుస్తకం రాసినవాడికి అక్షరాలు దిద్దించినట్టు ఉంటుంది. పీఆర్సీ చర్చలంటే ఏమిటో వారికి తెలుసు. 2022 ఫిబ్రవరిలో విజయవాడ వీధులు నిండిన తర్వాత రెండు రోజులకే ఒప్పందం కుదిరిందనీ, దాని మీద ఉపాధ్యాయ సంఘాల్లోనే అసంతృప్తి మిగిలిందనీ వారికే బాగా తెలుసు.

కుర్చీ లేనివాళ్ళు ఎవరంటే, కొల్లేటి చుట్టూ చేపల చెరువుల మీద బతికేవాళ్ళు. తెల్లవారుజామున మెడలోతు నీళ్ళలో వల లాగేవాళ్ళు, ఐసు కొట్టి ట్రేలకు ఎత్తేవాళ్ళు, కలకత్తా లారీ కదిలేదాకా తడిబట్టలతో నిలబడేవాళ్ళు. ఏలూరు తంగెళ్ళమూడిలో ముడి ముడికీ లెక్క చూసుకునే తివాచీ నేతగాళ్ళు. వీళ్ళ కూలి ఎదుటివాడు చెప్పిన అంకె. చేప ధర పడితే కూలి పడుతుంది. చేప ధర లేస్తే కూలి అంత తొందరగా లేవదు. మన పూర్వ విద్యార్థుల్లో చెరువుల రైతులున్నారు, మిల్లుల యజమానులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, పెద్ద కంపెనీల్లో మేనేజర్లున్నారు. వాళ్ళంతా ఈ పేజీ చదువుతున్నారన్న ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

చివరగా ఒక చిన్న ప్రతిపాదన. మన సంఘం నిధి నుంచి బడిలో వాచ్‌మన్‌కు, ఊడ్చే అమ్మకు, తోటపని చూసే ఆయనకు జీతం ఇస్తున్నాం. ఏటా కార్యవర్గ సమావేశంలో మనమే ఒక అంకె అనుకుని మినిట్సు పుస్తకంలో రాసుకుంటున్నాం. ఈ స్వర్ణోత్సవ సంవత్సరం నుంచి, ఆ అంశం వచ్చినప్పుడు ఆ ముగ్గురినీ లోపలికి పిలిచి కుర్చీలు వేద్దాం. మన నిధి లెక్క వాళ్ళకు చూపిద్దాం, వాళ్ళ ఇంటి లెక్క మనం విందాం. కనీస వేతనానికి తగ్గకుండా, ఇద్దరికీ కుదిరిన అంకె రాసి, వాళ్ళ సంతకాలు కూడా తీసుకుందాం. పది నిమిషాల పని. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శి గారికి వేరే ఉత్తరం కూడా రాశాను.